రాళ్ల కింద హాజరుపట్టీ

ఏడో తరగతికి సైన్సు చెప్పే టీచరుకు పిల్లలు పెట్టిన పేరు జలగ టీచరు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే ఆవిడ ఒక జలగను తన ముంజేతి మీద పాకించుకుని, అది బొద్దుగా ఉబ్బేదాకా క్లాసంతటికీ చూపించింది. ఇద్దరు పిల్లలు కళ్లు తిరిగి పడ్డారు. మిగతావాళ్లు మాత్రం ఆ పాఠం ఇప్పటికీ మర్చిపోలేదు. పేరు అలా వచ్చింది గానీ, అది అంతకాలం నిలబడిపోవడానికి కారణం వేరు. ఆవిడ ఏదైనా పట్టుకుందంటే వదలదు. పిల్లలు తన వెనక ఏమని పిలుచుకుంటున్నారో ఆవిడకు బాగా తెలుసు. కోపం తెచ్చుకోకపోగా లోలోపల మురిసిపోయేది కూడా. మనిషికి ఆ మాత్రం గర్వం ఉంటే తప్పేం లేదు లెండి. కాకపోతే ఆ గర్వం ఆవిడను తీసుకెళ్లి ఎక్కడ నిలబెట్టిందన్నదే ఈ కథ.

పాఠ్యపుస్తకంలో పరీవాహక ప్రాంతం అన్న మాటకు మూడు లైన్ల నిర్వచనం ఉంది. ఆ మూడు లైన్లూ వింటే పారే నీళ్లు కూడా నిద్రపోతాయని టీచరు అభిప్రాయం. అందుకని పుస్తకాలు మూయించేసి, నలభై మంది బ్యాగుల్నీ నేల మీద గుట్టగా పోయించింది. సైకిల్ స్టాండులో పడి ఉండే పాత నీలం టార్పాలిన్ తెప్పించి ఆ గుట్ట మీద పరిపించింది. కొండలూ లోయలూ తయారయ్యాయి.

"ఎవరిల్లు ఎక్కడుందో అక్కడ ఒక సుద్దముక్క పెట్టండి. మీ ఇంట్లోంచి రోజూ బయటికి పోయేదేదో కాస్త తెమ్మన్నానుగా, దాని పక్కన వెయ్యండి" అంది.

ఒకళ్లు సబ్బుపొడి వేశారు, ఒకళ్లు మాడిన నూనె, ఇంకొకళ్లు కాఫీ వడకట్టిన పిప్పి. రంగుల కొట్టువాళ్లమ్మాయి ఎర్రసిరా పోసింది. ఆఖరి బెంచీ పిల్లవాడు మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"టీచర్, మా ఇల్లు గుట్టకి ఆ చివరుంది. మా నీళ్లు వాగులోకి రావు. ఎక్కడికో పోతాయి."

"ఎక్కడికో అన్న మాట నా క్లాసులో నిషేధం. ఎక్కడికో అంటే ఎక్కడికి?" అంటూ టీచరు మొక్కలకు నీళ్లు పోసే డబ్బా ఎత్తి సరిగ్గా అతని సుద్దముక్క మీద వాన కురిపించింది. ఆ నీళ్లు మలుపులు తిరిగి, దారిలో సబ్బుపొడిని కలుపుకుని, ఎర్రసిరాను కలుపుకుని వచ్చి టార్పాలిన్ మధ్యనున్న మడతలో మురుగై నిలిచాయి.

"ఈ నీళ్లు ఎవరివి?"

ఎవరో మెల్లగా "అందరివీ టీచర్" అన్నారు.

"ఆ మడతే మన బడి వెనక వాగు. ఈ టార్పాలినంతా దాని పరీవాహక ప్రాంతం. నిర్వచనం బట్టీ పట్టక్కర్లేదు. బ్యాగులు తడిపినందుకు ఇవాళ ఇంట్లో తిట్లు తింటారుగా, అదే గుర్తుంటుంది" అని టీచరు డబ్బా కింద పెట్టింది.

బడి వెనక గోడకు ఒక చిన్న ఇనపగేటు ఉంది. అది దాటితే వాగు. మోకాలి లోతు నీళ్లు, నున్నటి రాళ్లు, అటూ ఇటూ గడ్డి. ప్రతి బుధవారం మూడో పీరియడులో క్లాసంతా అక్కడికి దిగేది. నీళ్లలో రంగుపట్టీ ముంచి అది ఏ రంగుకు తిరిగిందో చూసేవాళ్లు. గాజుసీసాలో నీళ్లు పట్టి వెలుతురులో తిప్పి చూసేవాళ్లు. ఆ తర్వాత అసలు పని, హాజరు. రాళ్లు ఒక్కొక్కటే ఎత్తి, వాటి అడుగున అంటుకున్న పురుగుల్ని తెల్ల పళ్లెంలోకి కడిగి, ఎవరు వచ్చారో ఎవరు రాలేదో రిజిస్టరులో వేసేవాళ్లు. పురుగులకు పిల్లలు పెట్టుకున్న పేర్లే పేర్లు. తోక చివర మూడు వెంట్రుకలు ఆడించేది మూడుతోకలు. ఇసుకరేణువులు అతికించుకుని గొట్టంలాంటి గూడులో దాక్కునేది ఇసుకచొక్కా. నీళ్ల మీద జారేది స్కేటింగ్ మాస్టారు. బురదలో మెలికలు తిరిగేది ఎర్రదారం.

"ఎర్రదారం ఎంత మురుగులోనైనా బతుకుతుంది. అది కనిపించిందని సంబరపడొద్దు. మూడుతోకలు ఉందంటే మాత్రం నీళ్లు బాగున్నట్టే. నీళ్లు కాస్త పాడైతే చాలు, ముందు చచ్చేది అదే" అని టీచరు మొదటి రోజే చెప్పింది. పిల్లలు ఆ మాట రిజిస్టరు మొదటి పేజీలోనే రాసుకున్నారు.

చిక్కేమిటంటే, బడికి ఎగువన కాలినడక వంతెన దగ్గర అందరూ హాజరు. బడి వెనక మాత్రం రిజిస్టరు మొదలుపెట్టిన ఆర్నెల్ల నుంచీ అందరూ గైర్హాజరు, ఒక్క ఎర్రదారం తప్ప. పోనీ నీళ్లు చెడ్డవా అంటే, పట్టీ ప్రతి బుధవారమూ బంగారంలాంటి రంగే చూపించేది. టీచరుకు ఇది కొరుకుడు పడలేదు.

ఇలా ఉండగా ఒక ఆదివారం టీచరు అక్కా బావా ఇంటికొచ్చారు. బావ మునిసిపాలిటీలో ఇంజనీరు. మరదలిని ఆటపట్టించందే ఆయనకు టీ దిగదు. ఆ రోజు మాత్రం కప్పు చేతిలోనే తిప్పుతూ కూర్చున్నాడు.

"ఏంటి బావా, మొహం అలా పెట్టావు? మా అక్క కొట్టిందా?" అంది టీచరు.

"నీకెలా చెప్పాలా అని ఆలోచిస్తున్నా. మీ బడి వెనక వాగు మీద స్లాబు వేసే ఫైలు నా టేబుల్ మీదకొచ్చింది. బతికున్న వాగైతే దాని జోలికి పోకూడదని రూలు. చచ్చిందైతే మురిక్కాలువ కింద లెక్క. పైన కప్పేసి బళ్లు నిలుపుకోడానికి ఇచ్చేస్తారు."

టీచరు ఒంటికాలి మీద లేచింది. "చచ్చిందని ఎవడు చెప్పాడు?"

"నువ్వే చెప్పావు. మీ బడి ఎగ్జిబిషన్లో రిజిస్టరు పెట్టావుగా? మా వాళ్లు ప్రతి పేజీ ఫొటో తీసుకొచ్చారు. ఆర్నెల్ల గైర్హాజరు, తేదీలతో సహా. అంత బాగా మా ఆఫీసులో ఎవరూ రాయలేరు."

వంటింట్లోంచి అక్క "ఏమండీ, కాస్త నెమ్మదిగా" అంది. టీచరు అక్షరాలే ఆవిడ వాగు మెడకు ఉరై కూర్చున్నాయి. ఈ నీళ్లలో పాఠం నేర్చుకున్న పిల్లలు, రేపు సిమెంటు మీద నిలబెట్టిన బళ్ల మధ్య తిరగాలి.

"నలభై రోజుల్లో రిపోర్టు పంపాలి. చివరిరోజు నేనే తనిఖీకి వస్తా. ఆ మూడుతోకల పురుగును నా కళ్లకు చూపించు, ఫైలు వెనక్కి తిప్పే బాధ్యత నాది. చూపించలేకపోతే మాత్రం మరదలివని నేనేం చెయ్యలేను" అన్నాడు బావ. వెళ్లేటప్పుడు చెప్పులేసుకుంటూ "చూపించవే తల్లీ, నాకూ ఆ స్లాబు ఇష్టం లేదు" అని గొణిగాడు.

జలగ పట్టేసింది. ఎగువన పురుగులున్నాయి, బడి దగ్గర లేవు. రెంటికీ మధ్యలో ఒడ్డునే ఉన్నది మోటార్ సైకిళ్లు బాగుచేసే మెకానిక్ షెడ్డు. నూనె మరకలు, గ్రీజు, నల్లటి గుడ్డలు. ఇంకా ఆలోచించాల్సింది ఏముంది? మర్నాడు సాయంత్రం టీచరు నేరుగా షెడ్డుకెళ్లి, బళ్లిచ్చినవాళ్లు నలుగురైదుగురు నిలబడి ఉండగానే మెకానిక్‌ను కడిగేసింది. పిల్లల వాగును చంపుతున్నావంది, నీళ్లలో విషం కలుపుతున్నావంది. తర్వాత తలుచుకుంటే సిగ్గుపడాల్సిన మాటలు ఇంకా రెండు మూడు అంది.

మెకానిక్ పెద్దమనిషి, నిదానస్తుడు. చేతులు తుడుచుకుని లోపలికెళ్లి, మూత బిగించిన ఒక పెద్ద డబ్బా బయటికి దొర్లించుకొచ్చాడు.

"తీసేసిన నూనె చుక్క కూడా బయట పొయ్యను టీచరమ్మా. వారానికోసారి బండొచ్చి పట్టుకుపోతుంది. నా మాట నమ్మొద్దు. మీ పిల్లల్ని తీసుకొచ్చి నా షెడ్డు కింద రాయెత్తి చూడండి. పురుగులు లేకపోతే నేనే తాళం వేసుకుంటా."

బుధవారం మూడో పీరియడులో పిల్లలు షెడ్డు దిగువన రాయెత్తారు. మూడుతోకలు పదకొండు, ఇసుకచొక్కాలు ఆరు, తూనీగ పిల్ల ఒకటి. అందరూ హాజరు. మెకానిక్ పైనుంచి చూస్తున్నాడు. టీచరుకు క్షమించమనాలని నోటిదాకా వచ్చింది గానీ, ఎందుకో అక్కడే ఆగిపోయింది. "పదండి, బెల్లు కొడతారు" అని పిల్లల్ని తోలుకొచ్చేసింది.

ఆ క్లాసులో ఎందుకమ్మ అనే పిల్ల ఉంది. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. అడిగిందే అడిగి ప్రాణం తీస్తుందని మిగతా టీచర్లందరూ దాన్ని తప్పించుకు తిరుగుతారు. తిరిగొస్తున్న దారిలో ఆ పిల్ల టీచరు కొంగు పట్టుకుంది.

"టీచర్, మనం ఎప్పుడూ బుధవారం మూడో పీరియడ్లోనే వాగుకెందుకొస్తాం?"

"టైంటేబుల్ అలా ఉంది కనుక."

"మరి పురుగులకి టైంటేబుల్ లేదుగా టీచర్? అవి రోజంతా నీళ్లలోనే ఉంటాయిగా? మనం ఇంటికెళ్లిపోయాక ఏం జరుగుతుందో వాటికి తెలుసు, మనకి తెలీదుగా?"

టీచరు నడుస్తున్నదల్లా టక్కున ఆగింది. వెనకనుంచి వస్తున్న పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు. పట్టీ ఆ ఒక్క గంట సంగతి చెబుతుంది. పురుగు పగలూ రాత్రీ అన్నిటి సంగతీ చెబుతుంది. ఆ మాట బోర్డు మీద ఎన్నిసార్లు రాసిందో తనకే తెలియదు. వాగు మీద పరీక్ష పెడుతూ, ఏ రోజు ఏ గంటకు ఏ ప్రశ్న అడుగుతానో ముందే చెప్పేసినట్టయింది ఆవిడ పని.

సోమవారం నాడు పిల్లలు అయిదు జట్లయ్యారు. పొద్దున మొదటి బెల్లు నుంచి గంటకో సీసా. సీసా మీద గంట రాసిన కాగితం. మధ్యాహ్నం దాకా అన్నీ స్వచ్ఛంగానే ఉన్నాయి. నాలుగున్నరకు ఆఖరి బెల్లు కొట్టారు. పెద్ద పిల్లలు బిలబిలా వెళ్లిపోయారు. ఏడో తరగతివాళ్లు మాత్రం ఇళ్లలో ముందే చెప్పి ఉండిపోయారు. అయిదు దాటాక ఎందుకమ్మ నీళ్లలో పట్టీ ముంచి కెవ్వుమంది.

"టీచర్! పట్టీ రంగు మారలేదు! రంగే పోయింది!"

నిజమే. పట్టీ పాలిపోయి తెల్లకాగితం ముక్కలా ఉంది. నీళ్ల మీద సన్నటి నురగ. ముక్కు చురుక్కుమనే వాసన. టీచరు పిల్లల్ని వెంటనే ఒడ్డెక్కించి, తను ఒక్కతే గట్టు వెంబడి నురగ వచ్చే దారిని పట్టుకు నడిచింది. పది అడుగులు వేసిందో లేదో, గడ్డి చాటున, బడి గోడ అడుగున, మోచెయ్యంత లావు గొట్టం కనిపించింది. అందులోంచి తెల్లటి నీళ్లు ధారగా పడుతున్నాయి. గోడ అవతల బకెట్ చప్పుడైంది. చీపురు బరబరమని రాస్తున్న చప్పుడు కూడా వినిపించింది.

ఆ బకెట్ ఎవరిదో, అందులో ఏముందో టీచరుకు ఎవరినీ అడగక్కర్లేకుండానే తెలిసింది.

రెండేళ్ల కిందట బడి పారిశుద్ధ్యం బాధ్యత ఆవిడకు అప్పగించారు. పట్టుకుంటే వదలని మనిషి కదా, వసారాలూ మరుగుదొడ్లూ అద్దంలా మెరవాలని కూర్చుంది. బడి శుభ్రం చేసే ఆయమ్మను పిలిచి, "చారెడు బ్లీచింగు ఏం సరిపోతుంది? నాలుగు చెంబులు కలుపు. కడిగాక ఆ బకెట్లు అంతదూరం మోసుకెళ్లి నడుం విరగ్గొట్టుకోకు. ఇదిగో, ఈ జాలీలో కుమ్మరించెయ్" అని ఆవరణ మధ్యలో ఉన్న ఇనపజాలీని చూపించింది. "అది వాననీళ్లు పోయేదానికి పెట్టిందేమో కదమ్మా?" అని ఆయమ్మ అడగనే అడిగింది. టీచరు ఏమందో ఇప్పుడు ముక్క ముక్కా గుర్తొచ్చింది.

"నీళ్లే కదా ఆయమ్మా, ఎక్కడికో పోతాయిలే."

ఆ ఏడాదే బడికి పరిశుభ్రతలో మొదటి బహుమతి వచ్చింది. ఆ షీల్డు పెద్దసారు గదిలో, ఆయన కుర్చీ వెనక, రోజూ తుడిచే అద్దాల బీరువాలో ఉంది.

పిల్లలందరూ గట్టు మీద నిలబడి ఆవిడ మొహంలోకి చూస్తున్నారు. తల కొట్టేసినట్టుంది టీచరుకు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఆయమ్మ తెలియక పోసిందని చెబితే ఎవరూ కాదనరు కూడా. ఆ ఆలోచన ఒక్క క్షణం వచ్చిన మాట నిజం. వచ్చినందుకు ఆవిడ చాలా రోజులు తనను తాను తిట్టుకుంది.

"మన వాగును చంపింది మెకానిక్ కాదు, ఆయమ్మ కాదు. నేను. ఆ నీళ్లు అక్కడ పొయ్యమని చెప్పింది నేనే" అంది.

ఎందుకమ్మ మామూలు గొంతుతోనే అడిగింది. "ఎందుకు టీచర్?"

"తెలియక. పైగా తెలుసుకోవాలని అనుకోక."

"అయితే ఇప్పుడు తెలిసిందిగా టీచర్. రేపట్నించి పొయ్యకపోతే సరి" అని పిల్ల తన సీసాకు మూత పెట్టుకుంది. దానికి అది లెక్క తప్పితే కొట్టేసి మళ్లీ చేసినంత తేలిక. టీచరుకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

ఆ సాయంత్రమే ఆవిడ ఆయమ్మ దగ్గర కూర్చుని అంతా చెప్పింది. ఆయమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "రెండేళ్లు పోశాను కదమ్మా! ఎన్ని ప్రాణాలు పోయాయో!" అని బావురుమంది. ఇద్దరూ కలిసి జాలీ మీద నాపరాయి కప్పేశారు. బ్లీచింగు నాలుగు చెంబుల నుంచి చారెడుకు దిగింది. అదీ మరుగుదొడ్లలో మాత్రమే. వసారాలకు సబ్బునీళ్లూ చీపురూ సరిపోయాయి. ఆ నీళ్లు మాత్రం మురుగుగొట్టంలోకి పోవాలి. దానికి ఆవరణ తవ్వి కొత్త గొట్టం వెయ్యాలి.

మర్నాడు టీచరు మళ్లీ షెడ్డుకెళ్లింది. అప్పుడూ నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామని అనిపించింది గానీ ఆగలేదు. అందరి ముందూ తిట్టిన నోటితో అందరి ముందే చెప్పాలి కదా.

"అన్నా, తప్పు నాది. మా బడి నీళ్లే వాగును చంపాయి. నిన్ను నానా మాటలూ అన్నాను. క్షమించు" అంది.

మెకానిక్ తల గోక్కున్నాడు. "మీరు తిట్టాక నా భార్య రెండు రోజులు మీ పేరెత్తితే మండిపడింది. ఇవాళ చెబితే నమ్మదు" అని నవ్వేశాడు. "గొట్టం ఎంత పొడుగు కావాలో చెప్పండి." ఆదివారం నాడు పానాలూ గడ్డపారా వేసుకొచ్చి, సాయంత్రానికల్లా కొత్త గొట్టం బిగించి, పాత గొట్టం మూతికి సిమెంటు కొట్టిపోయాడు.

ఇక మిగిలింది ఎదురుచూడటం. ఎగువ నుంచి పురుగులు నీళ్లలో కొట్టుకొచ్చి, రాయి నచ్చితే అక్కడే అంటుకుంటాయి. తెచ్చి వేసుకుంటే మోసం అవుతుందని టీచరు ముందే చెప్పింది. రావాలి, వాటంతట అవే రావాలి. పిల్లలు ఇప్పుడు రోజుకో గంటకు దిగుతున్నారు. పట్టీ ఏ గంటకు ముంచినా రంగు నిలబడింది. పదిరోజులకు స్కేటింగ్ మాస్టారు హాజరు. పద్దెనిమిదో రోజుకు నత్తలు రెండు. మూడుతోకలు మాత్రం గైర్హాజరు. ఇరవై అయిదో రోజున గైర్హాజరు. తనిఖీకి ముందురోజు కూడా గైర్హాజరే.

తనిఖీ రోజున కొద్దిగా వాన పడి వెలిసింది. నీళ్లు కాస్త మసకగా ఉన్నాయి. బావ ఫైలు చంకన పెట్టుకుని వచ్చాడు. ఇవాళ మరదలితో ఒక్క హాస్యమూ ఆడలేదు. పెద్దసారు టీచరును గేటు దగ్గర పక్కకు పిలిచాడు.

"అమ్మా, మన బడి సంగతి మాత్రం బయటపెట్టకు. ఆ షీల్డు వెనక్కి అడుగుతారు. నీ మీద మెమో వస్తుంది. ఏదో తెలియని కారణం అనేద్దాం."

టీచరు చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నీళ్లలోకి దిగింది.

మొదటి రాయెత్తారు. బురద తప్ప ఏమీ లేదు. రెండో రాయి కింద ఎర్రదారం. మూడో రాయి కింద నత్త. బావ ఫైలు తెరవనూ లేదు, మూయనూ లేదు. ఏడో రాయికి పిల్లల గొంతులు తగ్గిపోయాయి. పదో రాయి దగ్గర ఆఖరి బెంచీ పిల్లవాడు కళ్లు తుడుచుకున్నాడు. ఒడ్డున నిలబడ్డ ఆయమ్మ అది చూడలేకపోయింది. చీపురు కింద పారేసి, "తియ్యండి, నన్ను చూడనివ్వండి" అంటూ తనూ దిగి, పాత గొట్టం మూతి కిందనే, రెండేళ్లు తన బకెట్ల నీళ్లు పడ్డ చోటునే, పెద్ద రాయొకటి రెండు చేతులా పట్టి తిప్పింది. కళ్లు చికిలించి చూసింది.

"అమ్మా, ఇదేంటి దీనికి మూడు తోకలున్నాయి?"

పిల్లలు పళ్లాలు పట్టుకుని ఎగబడ్డారు. ఒకటి కాదు. ఆ రాయి కిందే నాలుగున్నాయి. పక్క రాయి కింద రెండు. ఇంకో రాయి అడుగున ఇసుకచొక్కా ఒకటి, కొత్తగా కట్టుకున్న గూడుతో! ఇన్నాళ్లూ పిల్లలు గొట్టం మూతి దగ్గర మాత్రం వెతకలేదు. అక్కడ ఎలా బతుకుతాయిలే అనుకున్నారు. నీళ్లు అక్కడే వడిగా పారతాయని, వడి నీళ్లే వాటికి ఇష్టమని ఎవరికీ తట్టలేదు.

టీచరు రిజిస్టరు తెరిచింది. క్లాసులో పిలిచినట్టే పిలిచింది.

"మూడుతోకలు!"

"ప్రెజెంట్ టీచర్!" అని నలభై గొంతులు గోడకు కొట్టుకుని తిరిగొచ్చాయి.

"ఇసుకచొక్కా!"

"ప్రెజెంట్ టీచర్!"

షెడ్డు దగ్గర్నుంచి మెకానిక్ ఈల వేశాడు. బావ ప్యాంటు మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని దిగి, పళ్లెంలోకి తొంగిచూశాడు. మూడు వెంట్రుకలూ ఆడిస్తూ అది పళ్లెం అంచు వెంబడి పాకింది. ఇంత పెద్ద ఇంజనీరూ చిన్నపిల్లాడిలా నోరు వెళ్లబెట్టి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత నీళ్లలోనే నిలబడి ఫారం తీశాడు.

"అయినా ఒక చిక్కుంది. వాగు పాడవడానికి కారణమేంటో, బాధ్యులెవరో రాయాలి. ఇక్కడ తెలియదని రాస్తే, మళ్లీ పాడవుతుందని చెప్పి పైవాళ్లు స్లాబు వేసేస్తారు. కారణం తెలిస్తేనే అది పోయిందని రాయగలను."

పెద్దసారు గట్టు మీద నుంచి దగ్గాడు. టీచరు ఆయన వైపు చూడలేదు.

"బడి కడిగిన బ్లీచింగు నీళ్లు. పొయ్యమన్నది బడి పారిశుద్ధ్య బాధ్యురాలు. అంటే నేను. నా పేరే రాయి బావా."

బావ కలం ఆగింది. "ఆలోచించుకో. కాగితం మీదకెక్కితే మెమో తప్పదు."

"వస్తే రానీ. ఎక్కడికో పోతాయి అన్న మాటకి ఆ మాత్రం శిక్ష ఉండాలి."

"అమ్మ ఒక్కర్తే కాదు బాబూ, పోసిన చేతులు నావి. నా పేరు కూడా రాసుకోండి" అంది ఆయమ్మ.

"టీచర్ పేరు రాస్తే మా పేర్లూ రాయండి. కారణం కనిపెట్టింది మేము!" అని అరిచింది ఎందుకమ్మ. మిగతావాళ్లూ అందుకున్నారు. ఎవరి పేరు వాళ్లు అరుస్తూ ఇంజనీరును చుట్టేశారు. చూసి చూసి పెద్దసారు కూడా బూట్లు విప్పి మెట్టు దిగాడు. "బడి పేరు రాయండి. చేసింది మేమే, బాగుచేసింది మేమే అని రాయండి. షీల్డు నేనే స్వయంగా తీసుకెళ్లి ఇచ్చేస్తాను" అన్నాడు. ఆయన అంత గట్టిగా మాట్లాడటం ఆ బడిలో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

బావ అన్నీ రాశాడు. కారణం రాశాడు, బాధ్యుల పేర్లు రాశాడు, అది ఏ రోజున ఎలా తొలగించారో రాశాడు. ఫారంలో ఒక్క గడి మిగిలింది. కలం ఎత్తి పిల్లల వైపు తిరిగాడు.

"వాగు ప్రస్తుత పరిస్థితి. ఇక్కడ ఏం రాయమంటారు?"

మోకాలి లోతు నీళ్లలో, తడిసిన యూనిఫారాలతో, నలభై మందీ ఒక్క గొంతుతో చెప్పారు. టీచరు కూడా వాళ్లతో కలిసి అరిచింది.

"బతికే ఉంది!"

ఇంజనీరు ఆ రెండు మాటలూ అలాగే రాసి, కింద సంతకం పెట్టాడు.